బీఎస్సీ పిల్లలకు పరిశోధన ఎందుకంటారా?

అమెరికాలో ఒక కంపెనీ హైదరాబాద్ కుర్రాడికో విజయవాడ అమ్మాయికో మొదటిసారి హెచ్‌-1బీ వీసా తెప్పించాలంటే, మిగతా ఖర్చులు కాక 1,500 డాలర్ల శిక్షణ రుసుము కట్టాలి. పాతికమందికి మించి ఉద్యోగులు లేని చిన్న కంపెనీకైతే అందులో సగం. ఆ రుసుములో 30 శాతం అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్ స్కాలర్‌షిప్పుల ఖాతాకు పోతుంది. దాంతో ‘ఎస్‌-స్టెమ్’ అనే పథకం నడుస్తోంది. తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ల నుంచి వచ్చి సైన్సు, గణితం, ఇంజనీరింగ్ చదివే పిల్లలకు స్కాలర్‌షిప్పులిచ్చే పథకమది. ఏటా ఆమోదం పొందే హెచ్‌-1బీల్లో నూటికి డెబ్బై భారతీయులవే. అందులో తెలుగువాళ్లు ఎందరో ఊహించడానికి పెద్ద లెక్కలేం అక్కర్లేదు. మన బీటెక్కుల పేరు మీద కట్టిన సొమ్ముతో ఒహాయోలోనో టెక్సస్‌లోనో ఒక పేదింటి పిల్ల ప్రయోగశాలలో అడుగు పెడుతోందన్నమాట.

ఆ డబ్బు ఇచ్చే పద్ధతి ఇంకా ఆసక్తికరం. పిల్లల ఫీజు కట్టేసి చేతులు దులుపుకుంటామని కాలేజీ అంటే ఫౌండేషన్ ఒప్పుకోదు. ఈ పిల్లలకు అధ్యాపకుల్లో మెంటార్లుగా ఎవరుంటారో, వాళ్లందరినీ ఒక జట్టుగా ఎలా నిలబెడతారో, చదువు మధ్యలో ఆగిపోకుండా ఏం చేస్తారో కాలేజీ ముందే రాసి చూపించాలి. చాలా కాలేజీలు ఆ జాబితాలో వేసవి పరిశోధనను చేరుస్తాయి. స్కాలర్‌షిప్పు పిల్లవాణ్ని క్లాసుదాకా తేగలదు, అక్కడి నుంచి శాస్త్రవేత్తను చేయడం దానివల్ల కాదని వాళ్లకు అనుభవం మీద తెలిసింది.

మన దగ్గర ఈ మాట ఎత్తితే వచ్చే జవాబు అందరికీ తెలిసిందే. “వాళ్ల ఇంట్లో పరిస్థితి చూశారా? ఫీజు ప్రభుత్వం ఇస్తోంది, హాస్టల్ ఉంది. మూడేళ్లు గట్టెక్కించి ఏదో ఉద్యోగంలో పడేస్తే ఆ కుటుంబం నిలబడుతుంది. కాస్త ఇంగ్లీషు, కాస్త ఎక్సెల్ నేర్పండి. పరిశోధనలంటే కడుపు నిండినవాళ్ల వ్యవహారం. నిజంగా తెలివుంటే వాడే పైకొస్తాడు లెండి.” ప్రిన్సిపాళ్లు అంటారు, నాయకులు అంటారు, తల్లిదండ్రులు అంటారు. స్వయంగా పీహెచ్‌డీలు చేసిన లెక్చరర్లు కూడా అంటారు. చెడ్డ మనసుతో అనరు, జాలితోనే అంటారు. జాలితో అన్న మాటను ఎదిరించి మాట్లాడటం కష్టం కాబట్టే ఇది ఇన్నేళ్లు అడ్డూ ఆపూ లేకుండా చలామణీ అయింది. కానీ ఇందులోని ఒక్కో వాక్యాన్నీ పట్టి చూస్తే నిలబడేది ఒక్కటీ లేదు.

చివరి వాక్యంతోనే మొదలుపెట్టాలి. మిగతా అన్నిటికీ అదే కొండంత అండ. తెలివుంటే పైకొస్తారన్నది పరీక్షించడానికి వీలున్న మాటే. ఆర్థికవేత్త రాజ్ చెట్టి, ఆయన సహచరులు కలిసి దాన్ని పరీక్షించారు కూడా. అమెరికాలో పేటెంట్లు పొందిన 12 లక్షల మంది ఆవిష్కర్తల వివరాలను పన్నుల రికార్డులతో జతచేసి, వాళ్లు ఎలాంటి ఇళ్లలో పుట్టారో చూశారు. ఆదాయంలో పైనున్న ఒక శాతం కుటుంబాల పిల్లలకు, దిగువ సగంలో పుట్టిన పిల్లల కన్నా ఆవిష్కర్తలయ్యే అవకాశం పది రెట్లు. సరే, ఉన్నవాళ్ల పిల్లలు లెక్కల్లో చురుకనుకుందామా? మూడో తరగతి లెక్కల మార్కులు ఈ తేడాలో మూడో వంతును కూడా వివరించలేకపోయాయి. చిన్నప్పుడు చుట్టుపక్కల అలాంటి పని చేసే మనుషుల్ని చూశారా లేదా అన్నదానికి మాత్రం బరువు కనిపించింది. ఒక రంగంలో మహిళా ఆవిష్కర్తలు ఉన్న ప్రాంతంలో పెరిగిన ఆడపిల్లలు అదే రంగంలో పేటెంట్లు తెచ్చుకున్నారు. మగ ఆవిష్కర్తలు ఎందరున్నా వాళ్ల మీద ఆ ప్రభావం లేదు.

తెలుగువాళ్లతో ఈ వాదన చేస్తే ఎల్లాప్రగడ సుబ్బారావు పేరు రాకుండా ఉండదు. 1895లో భీమవరంలో పుట్టి, లేమిలో పెరిగి, మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కని మనిషి. బోస్టన్ ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల బెడ్‌ప్యాన్లు మోసి మరీ హార్వర్డ్‌లో చదివాడు. “చూశారా, ఎవరు సాయం చేశారాయనకు?” అంటారు. చాలామందే చేశారు. వైద్యవిద్యకు మామగారు డబ్బు పెట్టారు. అమెరికా వెళ్లడానికి కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఆదుకుంది. హార్వర్డ్ ఉష్ణమండల వైద్య పాఠశాలలో రిచర్డ్ స్ట్రాంగ్ దారి చూపాడు. ఆ తర్వాత సైరస్ ఫిస్క్ ప్రయోగశాల తలుపు తీసి పక్కన చోటిచ్చాడు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలవడానికి 1925లో వచ్చిన పద్ధతి నేటికీ ఫిస్క్–సుబ్బారావుల జంట పేరుతోనే ఉంది. డబ్బు, దారి చూపే మనిషి, చేతిలో అసలైన పరిశోధన – ఈ మూడూ ఆయనకు ఎంతో కష్టం మీద, అదృష్టం కూడా తోడై దొరికాయి. దొరకని సుబ్బారావులు ఎందరో ఉండి ఉంటారు, వాళ్ల శతజయంతులు ఎవరూ చేయరు. ఆయన కథను ఒంటరి విజయంగా చెప్పుకోవడం ఆయనకు మర్యాదా కాదు, చరిత్రా కాదు.

ఇక “వాళ్లకు పునాది లేదు, ముందు రెమెడియల్ క్లాసులు పెట్టండి” అనే వాదన. దీనికి జవాబు దాదాపు యాభై ఏళ్ల కిందటే వచ్చింది. 1970లలో బర్కిలీ విశ్వవిద్యాలయంలో యూరి ట్రైస్‌మన్ అనే గణిత పరిశోధక విద్యార్థికి ఒక సందేహం కలిగింది. మొదటి ఏడాది కాలిక్యులస్‌లో నల్లజాతి విద్యార్థులు ఎందుకంత ఎక్కువగా తప్పుతున్నారు? అధ్యాపకుల్ని అడిగితే నాలుగు కారణాలు చెప్పారు. పట్టుదల లేదు, పునాది లేదు, ఇంట్లో ప్రోత్సాహం లేదు, డబ్బు లేదు. మన స్టాఫ్‌రూముల్లో వినిపించే నాలుగూ ఇవే. ట్రైస్‌మన్ ఆ మాటలు నమ్మి ఊరుకోలేదు. ఇరవైమంది నల్లజాతి విద్యార్థుల్నీ ఇరవైమంది చైనా మూలాలున్న విద్యార్థుల్నీ ఎంచుకుని, వాళ్లు చదువుకునే చోటికే వెళ్లి నెలల తరబడి గమనించాడు. ఆ నాలుగు కారణాల్లో ఒక్కటీ నిలవలేదు. నల్లజాతి పిల్లలు కష్టపడుతున్నారు, కానీ ఎవరికి వారే తలుపు వేసుకుని చదువుతున్నారు. చైనా పిల్లలు క్లాసు అయ్యాక ఒకచోట చేరి, ఒకరి లెక్క ఒకరు దిద్దుకుంటూ, ఎవరు ఎక్కడ ఆగారో చెప్పుకుంటూ సాగుతున్నారు.

అప్పుడు ఆయన చేసిన పని మన రెమెడియల్ పద్ధతికి పూర్తిగా విరుద్ధం. తేలిక లెక్కలిచ్చి వెనకబడినవాళ్లన్న ముద్ర వేయలేదు. మామూలు క్లాసులో ఇచ్చేవాటి కన్నా కఠినమైన లెక్కలిచ్చి, జట్లుగా కూర్చోబెట్టి, ఇది గట్టివాళ్ల కోసం పెట్టిన వర్క్‌షాప్ అన్నాడు. తప్పుతారనుకున్న పిల్లలు మంచి గ్రేడ్లతో బయటపడ్డారు. తర్వాత ఎన్నో విశ్వవిద్యాలయాలు ఆ వర్క్‌షాప్‌ను తెచ్చిపెట్టుకున్నాయి. పేదపిల్లల పట్ల జాలి చూపేవాళ్లు ఆలోచించాల్సిన సంగతి ఇక్కడుంది. వాళ్ల కోసమని పాఠాన్ని పలచన చేయడం సాయంలాగే కనిపిస్తుంది, పనిచేసింది మాత్రం చిక్కని పాఠం.

“ముందు మార్కులు తెచ్చుకోనివ్వండి, తర్వాత పరిశోధన సంగతి చూద్దాం” అన్నది ఇప్పుడు విధానంగానే మారిపోయింది. 2022 డిసెంబరులో యూజీసీ విడుదల చేసిన నాలుగేళ్ల డిగ్రీ నమూనా ప్రకారం మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు వచ్చినవాళ్లే చివరి ఏడాది పరిశోధన ఎంచుకోవచ్చు. మూడేళ్లు నోట్సు చదివి, జవాబులు బట్టీ పట్టి నెగ్గినవాళ్లకు చివర్లో ఇచ్చే మిఠాయి పొట్లంలా ఉంది పరిశోధన. పొద్దున పాల ప్యాకెట్లు వేసి, సాయంత్రం డెలివరీ బండెక్కి, మధ్యలో క్లాసుకొచ్చి 62 శాతం తెచ్చుకున్న పిల్లవాడు ఆ వరుసలోనే ఉండడు.

టెక్సస్ విశ్వవిద్యాలయం ఆస్టిన్ శాఖ 2005లో దీన్ని తిరగేసి మొదలుపెట్టింది. అక్కడి ‘ఫ్రెష్‌మన్ రీసెర్చ్ ఇనీషియేటివ్’లో పిల్లలు మొదటి ఏడాదే ఒక అధ్యాపకుడి నిజమైన పరిశోధనలో చేరి మూడు సెమిస్టర్లు పనిచేస్తారు. ఆ మూడూ పూర్తి చేసినవాళ్లను అన్ని విధాలా సరిపోలే మిగతా విద్యార్థులతో పోల్చిన అధ్యయనం 2016లో వచ్చింది. సైన్సు, ఇంజనీరింగ్ కోర్సుల్లోనే డిగ్రీ పూర్తి చేసే అవకాశం 71 శాతం నుంచి 94 శాతానికి పెరిగింది. ఆరేళ్లలోపు పట్టా చేతికొచ్చే అవకాశం 66 నుంచి 83కి ఎక్కింది. ఇక డిగ్రీ చివర్లో వచ్చిన గ్రేడ్లు చూస్తే చెప్పుకోదగ్గ మార్పే లేదు! పరిశోధన వల్ల పిల్లల్లో వచ్చిన మార్పు మార్కుల షీటుకు అందలేదు. ఆ షీటునే కాపలాకు పెట్టి గేటు దగ్గర పిల్లల్ని వడగట్టడం ఎలాంటి పనో యూజీసీయే చెప్పాలి.

ఇక్కడొక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయకూడదు. పరిశోధనకు ముందుకొచ్చే పిల్లలు ముందే చురుకైనవాళ్లు, పథకం లేకపోయినా నెగ్గేవాళ్లేనంటారు. దీనికి బాల్టిమోర్ దగ్గరి మేరీలాండ్ విశ్వవిద్యాలయ శాఖ యూఎంబీసీలో జవాబుంది. ఫ్రీమన్ హ్రబోవ్‌స్కీ అనే గణితవేత్త, రాబర్ట్ మేయర్‌హాఫ్ అనే దాత కలిసి 1988లో అక్కడ మొదలుపెట్టిన స్కాలర్‌షిప్పు నల్లజాతి యువకుల కోసం పుట్టింది, తర్వాత అందరికీ తెరిచారు. కాలేజీ మొదలయ్యే ముందే వేసవి శిబిరం, జట్టుగా చదువు, మొదటి నుంచీ ప్రయోగశాల, విడిచిపెట్టని మెంటార్లు, ఇంట్లోవాళ్లతో సంబంధం. ఇందులో సీటు వచ్చినా వద్దనుకుని వేరే విశ్వవిద్యాలయాలకు వెళ్లిన పిల్లలూ ఉన్నారు, వాళ్లు కూడా అంతే చురుకైనవాళ్లు. ఆ పిల్లలతో పోలిస్తే చేరినవాళ్లు సైన్సు పీహెచ్‌డీ దాకా వెళ్లడం ఐదు రెట్లు ఎక్కువ. కొవిడ్‌కు మోడెర్నా టీకా వెనకున్న పరిశోధనలో ముఖ్యురాలైన కిజ్మెకియా కార్బెట్ ఈ పథకంలో నుంచే వచ్చింది. హ్రబోవ్‌స్కీ లాంటి మనిషి ఉండబట్టి గానీ వేరేచోట సాధ్యం కాదన్నారు. పెన్‌స్టేట్‌లోనూ నార్త్ కరోలైనాలోనూ అచ్చు అదే పద్ధతి పెట్టి చూస్తే అక్కడా ఫలితం వచ్చింది.

“పరిశోధనంటే లక్షల మాట, మన డిగ్రీ కాలేజీల్లో మైక్రోస్కోపులకే దిక్కు లేదు” అంటారు కదా. దీనికో వంకాయ కథ ఉంది. 2018లో లండన్ ఆసుపత్రిలో పదిహేనేళ్ల అమ్మాయి ప్రాణం మీదికొచ్చింది. ఊపిరితిత్తుల మార్పిడి తర్వాత ఒళ్లంతా పాకిన మైకోబాక్టీరియా ఏ యాంటీబయాటిక్‌కూ లొంగలేదు. ఆ బాక్టీరియాను తినే వైరస్‌ల కోసం వైద్యులు పిట్స్‌బర్గ్‌లోని గ్రాహం హాట్‌ఫుల్‌ను ఆశ్రయించారు. ఆయన ఇచ్చిన మూడు వైరస్‌లతో ఆమె ఆరోగ్యం నెలల్లోనే బాగా మెరుగుపడింది. ఆ మూడింట్లో ‘మడ్డీ’ అనే దాన్ని 2010లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో ఒక విద్యార్థిని కుళ్లిపోయిన వంకాయ అడుగు నుంచి తీసింది. హాట్‌ఫుల్ దగ్గరున్న వేలాది వైరస్‌ల సేకరణలో చాలాభాగం విద్యార్థుల చేతుల మీదుగా వచ్చిందే. 2008లో పన్నెండు కాలేజీలతో మొదలైన ఈ కార్యక్రమం ఇప్పుడు వందకు పైగా కాలేజీల్లో మొదటి ఏడాది ప్రాక్టికల్ క్లాసుగా నడుస్తోంది. పిల్లలు పెరటి మట్టి తెచ్చి, వైరస్‌ను వేరుచేసి, దానికి తామే పేరు పెడతారు. జన్యుక్రమం చదివించడానికి డబ్బవుతుంది, నిజమే. మిగతా పనికి కావాల్సిన పెట్రీ డిష్‌లు, అగార్, ఇంక్యుబేటర్ మైక్రోబయాలజీ ఉన్న ఏ డిగ్రీ కాలేజీలోనైనా ఉండేవే. వేసవిలో ఒకరిద్దరిని ఎంచుకుని పెద్ద సంస్థకు పంపడం కన్నా టైంటేబుల్లోనే పరిశోధన పెట్టడం పేదపిల్లలకు ఎక్కువ మేలు. దరఖాస్తు, సిఫారసు, రైలు చార్జీ ఏవీ అక్కర్లేదు. క్లాసుకొస్తే చాలు.

పరిశోధించడానికి మన దగ్గర విషయాలకు కరువా? ఫ్లోరోసిస్ జబ్బు దేశంలో మొదట 1937లో బయటపడింది నేటి ప్రకాశం జిల్లా ప్రాంతంలోనే. నల్గొండ సంగతి చెప్పనక్కర్లేదు. ఉద్దానం కిడ్నీ జబ్బుకు మూలం ఏమిటో ఇప్పటికీ తేలలేదు. ఆ ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలే కెమిస్ట్రీ, జువాలజీ క్లాసుల్లో కూర్చుని ఉన్నారు. తమ బావి నీళ్లను ఏడాది పొడవునా నెలనెలా కొలిచి, సరిగా నమోదు చేస్తే అది చిన్న విషయమేమీ కాదు. ఉద్దానం అంతు తేలుస్తారని ఎవరూ అనడం లేదు. ఒక కొలత నమ్మదగిందని ఎలా తెలుస్తుందో నేర్చుకుంటారు, అది చాలు.

ఉద్యోగం సంగతి కూడా అక్కడే ఉంది. బీఎస్సీ కెమిస్ట్రీ పిల్లలు మన దగ్గర ఎక్కువగా చేరేది హైదరాబాద్ చుట్టుపక్కల, విశాఖ తీరంలో ఉన్న మందుల కంపెనీల్లో, అందులోనూ క్వాలిటీ కంట్రోల్ ల్యాబుల్లో. అక్కడి పనంతా కొలవడం, కొలిచింది కొలిచినట్టు రాయడం. గత పదిహేనేళ్లలో అమెరికా ఎఫ్‌డీఏ భారత మందుల ప్లాంట్లకు పంపిన హెచ్చరిక లేఖల్లో పదేపదే కనిపించిన ఫిర్యాదు డేటా నిజాయితీ గురించే. ఇప్పుడు డిగ్రీ ప్రాక్టికల్ రికార్డు ఎలా తయారవుతుందో గుర్తు చేసుకోండి. రావాల్సిన విలువ ముందే తెలుసు. టైట్రేషన్ రీడింగు దానికి సరిపోకపోతే రీడింగునే సరిపెడతారు. సీనియర్ రికార్డు చూసి నీటుగా ఎక్కిస్తే మార్కులు. పాతికేళ్ల కుర్రాడు ఫ్యాక్టరీలో చేసిన తప్పునంతా కాలేజీ రికార్డు మీదికి నెట్టడం అన్యాయమే. అయినా జవాబు ముందే తెలియని ప్రయోగం ఒక్కటైనా చేసినవాడికి, అనుకోని రీడింగు వస్తే దాచాలనిపించదు, మళ్లీ చూడాలనిపిస్తుంది. ఎక్సెల్ నేర్పడం కన్నా ఇది ఉద్యోగానికి దగ్గరి చదువు.

అసలు అడ్డంకి ఎక్కడుందో ఈ చర్చల్లో ఎవరూ తడమరు. వేసవిలో ఉంది. సెలవులివ్వగానే హాస్టల్ మూస్తారు. ఇంటికెళ్లిన పిల్లవాడు ఊరికే కూర్చోడు. కూలికో, దుకాణానికో, ట్యూషన్లకో వెళ్తాడు. ఆ రెండు నెలల సంపాదనతోనే వచ్చే ఏడాది పుస్తకాలు, బట్టలు. ఉచితంగా ఇంటర్న్‌షిప్పు చేయమంటే ఆ సంపాదన వదులుకోమన్నట్టే. ఆంధ్రప్రదేశ్ 2020లో డిగ్రీ చదువును మార్చినప్పుడు పది నెలల ఇంటర్న్‌షిప్పు పెట్టింది. ఆలోచన మంచిదే. ఆ పది నెలలు తిండి, గది, బస్సు ఎవరు భరించాలన్నది మాత్రం పిల్లలకే వదిలేసింది. తెలంగాణలో ‘జిజ్ఞాస’ పేరిట విద్యార్థుల ప్రాజెక్టుల పోటీ జరుగుతోంది. అదీ మంచిదే, కానీ బహుమతి ప్రకటించాక ఆ ప్రాజెక్టును ముందుకు తీసుకెళ్లే దారి లేదు.

కేంద్రం వైపు చూస్తే 2008లో మొదలైన ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్పుంది. ఏటా పన్నెండు వేల మందికి, ఒక్కొక్కరికి ఏడాదికి 80 వేలు, అందులో 20 వేలు వేసవి పరిశోధనకు. ఇంటర్ బోర్డులో పై ఒక శాతంలో ఉండాలి. తెలుగు రాష్ట్రాల్లో వెయ్యికి 950 వచ్చినా సరిపోని పోటీ అది. అన్ని మార్కులు వచ్చినవాళ్లలో అత్యధికులు బీఎస్సీలో చేరనే చేరరు. వేసవి సొమ్ము కూడా ప్రాజెక్టు పూర్తిచేసి నివేదిక ఇచ్చాక వచ్చేది. ముందు పెట్టుబడి పెట్టుకోగలిగినవాళ్ల కోసం రాసిన నిబంధన ఇది. సైన్సు పిల్లలకు ఫెలోషిప్పులిచ్చేందుకు 1999 నుంచి నడిచిన కేవీపీవై పరీక్ష ఇంగ్లీషు, హిందీల్లో తప్ప రాయడానికి లేదు, 2022లో దాన్నీ ఇన్‌స్పైర్‌లో కలిపేశారు. 2021-22 ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశంలో సైన్సు చదువుల్లో ఉన్నవాళ్లు 57.2 లక్షలు, వాళ్లలో 29.8 లక్షలు అమ్మాయిలు. పన్నెండు వేలంటే ఆ సముద్రంలో ఎంత?

మెంటార్ల మాటకొస్తే మన దగ్గర కాగితం మీద కొదవ లేదు. నాక్ గుర్తింపుకు మెంటార్–విద్యార్థుల నిష్పత్తి చూపించాలి కాబట్టి ప్రతి కాలేజీలో రిజిస్టరుంది. తన పేరు ఏ మెంటార్ కింద ఉందో తెలియని పిల్లలూ ఉన్నారు. లెక్చరర్లను తిట్టి లాభం లేదు. కాంట్రాక్టు మీదో, గెస్టుగానో పనిచేస్తూ పీరియడ్‌కు ఇంతని తీసుకునేవాళ్లను సాయంత్రం ఆరుదాకా ల్యాబులో పిల్లలతో ఉండమనడానికి ఎవరికి నోరొస్తుంది? పరిశోధన చేయించే గంటల్ని పనిగంటల్లో లెక్కగట్టి జీతమిస్తే అప్పుడు అడగొచ్చు.

ఇంతా చేసి ఖర్చెంత? రెండు రాష్ట్రాల ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో రెండో ఏడాది సైన్సు చదివే పిల్లల్లో పదివేల మందికి మే, జూన్ నెలలకు పదేసి వేల చొప్పున, నెల మొదట్లోనే ఇస్తే ఇరవై కోట్లు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు వేల కోట్లని రెండు అసెంబ్లీల్లోనూ పోట్లాడుకుంటున్న కాలంలో ఇది పద్దుల్లో కంటికి కూడా ఆనదు. హైదరాబాద్‌లో సీసీఎంబీ, ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ, ఎన్‌ఐఎన్ ఉన్నాయి, తిరుపతిలో ఐసర్ ఉంది. వాటిలో ఒక్కో ల్యాబు ఒక డిగ్రీ కాలేజీని పట్టుకుని, నెలకోసారి ఒక పరిశోధక విద్యార్థిని పంపినా మెంటార్ల కొరత కొంత తీరుతుంది. అంతకన్నా ముందు చేయాల్సిన పనికి బడ్జెట్టు కూడా పెద్దగా అక్కర్లేదు. ప్రాజెక్టు చేస్తామన్న పిల్లల కోసం వేసవిలో సంక్షేమ హాస్టళ్లకు తాళం వేయకుండా, మెస్సు నడిపిస్తూ ఉంచితే చాలు.